నాచు సీసా, బూజు ప్యాకెట్టు: టమాటా వేర్ల కింది చరిత్ర

కువైట్‌లో వఫ్రా తోటల్లో పనిచేసే శ్రోత ఒకాయన వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, ఇక్కడ గ్రీన్‌హౌస్‌లో టమాటాకు డ్రిప్పులో నల్లటి నాచు మందు కలిపి వదులుతాండాం. ఊర్లో మా ఇంటామె కూడా మదనపల్లెలో అదే తెచ్చినానంటాంది, దాంతోపాటు బూజు పొడి ప్యాకెట్టొకటి. నేను పంపే దుడ్లన్నీ ఈ సీసాలకే పోతాండాయి. ఇది పనిచేసే సరుకేనా, లేక మాయా?"

పనిచేస్తుంది, కానీ అంగడాయన చెప్పే పని కాదు. ఈ ముక్క మెసేజ్‌లోనే చెప్పేయొచ్చు. కానీ ఈ రెండు వస్తువులు ఎక్కడ పుట్టాయో, ఎవరి చేతుల మీదుగా మన పొలం దాకా వచ్చాయో తెలిస్తే, అవి ఏం చేయగలవో ఏం చేయలేవో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే అర్థమవుతుంది. అందుకే దీన్ని ఎపిసోడ్‌గా చేశాను. విన్నవాళ్ళు చాలామంది రాతలో కూడా కావాలన్నారు కాబట్టి ఇక్కడ పెడుతున్నా.

ముందు నాచు సంగతి. రోమన్ల కాలంలో, క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో, కొలుమెల్లా అనే ఆయన వ్యవసాయం మీద పెద్ద పుస్తకం రాశాడు. క్యాబేజీ నారు ఆరు ఆకుల మీదున్నప్పుడు పీకి నాటాలనీ, నాటేటప్పుడు వేర్లకు సముద్రపు నాచు చుట్టాలనీ అందులో ఉంది. రెండు వేల ఏళ్ళ కిందటి మాట అది. ఈరోజు టమాటా నారును నాచు నీళ్ళలో ముంచి నాటమని చెప్పే వ్యవసాయాధికారి చెబుతున్నది దాదాపు అదే.

నాచుతో ఏకంగా నేలనే తయారుచేసుకున్న మనుషులు కూడా ఉన్నారు. ఐర్లండ్ పడమటి తీరంలో అరన్ దీవులని మూడున్నాయి. అక్కడ మట్టి లేదు, సున్నపురాయి బండ మాత్రమే. ఆ బండ మీద రైతులు ఇసుక పరిచి, సముద్రం ఒడ్డుకు కొట్టిన నాచును బుట్టల్లో వీపున మోసుకొచ్చి దాని మీద వేసి, మళ్ళీ ఇసుక, మళ్ళీ నాచు, ఇలా ఏళ్ళ తరబడి వేసి మడులు కట్టుకున్నారు. ఆ మడుల్లో ఆలుగడ్డలు పండించి బతికారు. 1934లో రాబర్ట్ ఫ్లాహెర్టీ తీసిన 'మ్యాన్ ఆఫ్ అరన్' సినిమాలో ఇది కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. ఆ ఆడమనిషి వీపు మీద తడి నాచు బుట్టతో బండ ఎక్కుతుంటే, మన ఊళ్ళలో పెంటదిబ్బ నుంచి పొలానికి ఎరువు మోసిన అవ్వలు గుర్తొచ్చారు నాకు.

ఫ్రాన్స్‌లో నాచు ఎంత విలువైనదంటే, 1681లో రాజు చేసిన సముద్ర శాసనంలో దాన్ని కోసే హక్కు గురించి వేరే అధ్యాయమే ఉంది. ఏ ఊరి తీరం నాచు ఆ ఊరివాళ్ళకే. రాత్రిపూట కోయకూడదు. చెరువు కింద నీటి వాటాలకు మన ఊళ్ళలో ఉండే కట్టుబాట్ల లాంటివే.

ఇక స్కాట్లండ్ కథ. దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే పరాయి దేశంలో పనిచేసే మనకు ఇది కొత్త కథ అనిపించదు.

స్కాట్లండ్ ఉత్తరాన, పడమటి దీవుల్లో కూడా పేద రైతులు నాచునే ఎరువుగా వేసుకునేవాళ్ళు. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి భూస్వాములకు ఆ నాచులో డబ్బు కనిపించింది. నాచును ఎండబెట్టి కాలిస్తే వచ్చే బూడిదను కెల్ప్ అంటారు. అందులోని సోడా గాజుకూ సబ్బుకూ కావాలి. నెపోలియన్ యుద్ధాలతో స్పెయిన్ నుంచి వచ్చే బూడిద ఆగిపోయింది, కెల్ప్ ధర టన్నుకు 20 పౌండ్ల దాకా ఎగబాకింది. ఒక టన్ను బూడిద కావాలంటే ఇరవై టన్నుల పచ్చి నాచు కోయాలి. నడుముదాకా చల్లటి నీళ్ళలో నిలబడి కోసి, మోసి, కాల్చిన కూలీకి టన్నుకు దక్కింది రెండు మూడు పౌండ్లు. మిగతాది భూస్వామి జేబులోకి. పొలానికి పోవాల్సిన నాచు పొయ్యికి పోయింది, పొలం పనికి పోవాల్సిన ఎండాకాలమంతా కూడా దానికే పోయింది.

జనం విసిగిపోయి కెనడాకు ఓడలెక్కడం మొదలుపెట్టారు. కూలీలు వెళ్ళిపోతే కెల్ప్ ఎవరు చేస్తారు? 1803లో బ్రిటిష్ పార్లమెంటు ప్రయాణికుల ఓడల చట్టం తెచ్చింది. పైకి చూస్తే మంచి చట్టమే: ఓడలో ఇంతకంటే ఎక్కువమందిని కుక్కకూడదు, ఇంత తిండి పెట్టాలి, వైద్యుడుండాలి. దాని వెనకుండి నడిపించినవాళ్ళలో హైలాండ్ భూస్వాములు ముఖ్యులు. ఫలితం వాళ్ళు కోరుకున్నదే. టికెట్టు ధర పేదవాడికి అందనంత పెరిగింది, జనం నాచు దగ్గరే ఆగిపోయారు. 1815లో యుద్ధం ముగిసింది. స్పెయిన్ సరుకు మళ్ళీ వచ్చింది, పన్నులు తగ్గాయి, 1820ల్లో కెల్ప్ ధర కుప్పకూలింది. అప్పుడు ఆ భూస్వాములకే ఈ జనం బరువయ్యారు. కదలనివ్వని మనుషులనే ఇళ్ళు ఖాళీ చేయించి ఓడలెక్కించారు. 1851లో సౌత్ యూయిస్ట్, బారా దీవుల నుంచి గోర్డన్ ఆఫ్ క్లూనీ అనే భూస్వామి వందల కుటుంబాలను బలవంతంగా కెనడాకు పంపేశాడు. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర ఇరుక్కుపోయిన అనుభవం ఉన్నవాళ్ళకు దీని మీద వ్యాఖ్యానం అక్కర్లేదు.

గోనె సంచి కొరత, కుళ్ళిన గుడారం

మరి నాచు సీసాలోకి ఎప్పుడొచ్చింది? దానికి కారణం రెండో ప్రపంచయుద్ధం, అందులోనూ మన గోనె నార.

ఆ రోజుల్లో ప్రపంచానికి జనపనార బెంగాల్ నుంచే పోయేది. మన నెల్లిమర్ల, చిట్టివలసల్లో కూడా గోనె మిల్లులుండేవి. యుద్ధంలో బ్రిటన్‌కు ఆ నార కొరతయింది. బదులుగా సముద్రపు నాచులోంచి నార తీయొచ్చా అని పరిశోధన మొదలైంది. ఆ పనిలో రెజినాల్డ్ మిల్టన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త ఉన్నాడు. నార ప్రయత్నం ఫలించలేదు గానీ, నాచును క్షారం కలిపి వేడిలో, ఒత్తిడిలో ఉడికిస్తే కరిగి ద్రవమవుతుందని, ఆ ద్రవం మొక్కలకు పోయొచ్చని ఆయన పట్టుకున్నాడు. 1952లో దానికి పేటెంటు వచ్చింది. డబ్ల్యూ.ఏ. స్టీఫెన్‌సన్ అనే ఆయనతో కలిసి దాన్ని మ్యాక్సిక్రాప్ పేరుతో అమ్మకానికి పెట్టారు. ఈరోజు వఫ్రాలో డ్రిప్పు ట్యాంకులోకి పోసే నల్లటి ద్రవానికి పెద్దన్న అదే.

శాస్త్రవేత్తలు చాలామంది దాన్ని నమ్మలేదు. వాళ్ళ లెక్క సులువైనది. ఎకరాకు పోసే ఆ ఒకటి రెండు లీటర్లలో నత్రజని ఎంత, భాస్వరం ఎంత? గుప్పెడు యూరియాలో ఉన్నంత కూడా లేదు. మరి మొక్క ఎందుకు పెరగాలి? ఈ అనుమానంలో తప్పేమీ లేదని నా అభిప్రాయం. ఎరువుగా చూస్తే అది నిజంగానే శూన్యం. తిండి పెట్టకుండా ఇంకేదో చేస్తోందన్న ఆలోచనకు ఆధారం 1973లో దొరికింది. మొక్కలో కణాలు చీలడానికి, ఆకు ముదరకుండా పచ్చగా ఉండటానికి పనిచేసే సైటోకైనిన్ అనే హార్మోను లక్షణాలు నాచు ద్రవంలో ఉన్నాయని బ్రిటన్‌లో గెరాల్డ్ బ్లండెన్, ఆయన తోటివాళ్ళు చూపించారు.

అక్కడి నుంచి కథ దక్షిణాఫ్రికాకు, నాటాల్‌కు పోతుంది. నాటాల్ అంటే మన శ్రోతలకు కొత్త కాదు. 1860లో మద్రాసు నుంచి 'ట్రూరో' ఓడలో చెరకు తోటలకు గిరిమిట్ కూలీలుగా పోయినవాళ్ళలో తెలుగువాళ్ళున్నారు. గడువు తీరాక వాళ్ళలో చాలామంది చిన్న మడులు కౌలుకు తీసుకుని కూరగాయలు పండించి అమ్ముకున్నారు. ఆ నాటాల్‌లోనే, పీటర్‌మారిట్జ్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో యోహానెస్ వాన్ స్టాడెన్ బృందం నాచును టమాటా మీద పరీక్షించింది. కేప్ తీరంలో పెరిగే పెద్ద గోధుమరంగు నాచు ద్రవం అది. వేర్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులున్న మట్టిలో టమాటా నాటి, ఆ ద్రవం పోసి చూశారు. 1983లో ఫలితం అచ్చయింది: ద్రవం పోసిన మొక్కలు బాగా పెరిగాయి, పురుగు బెడద తగ్గింది. 1992లో గ్రీన్‌హౌస్ టమాటా మీద ఇంకో అధ్యయనం వచ్చింది, నాటిన నారు నిలదొక్కుకోవడం, దిగుబడి గురించి.

ఆ తర్వాత ఇంకో మలుపు. సీసాలో ఉన్న హార్మోను చాలా తక్కువ, అంత తక్కువతో ఇంత పని జరగదు అని 2013లో కెనడా శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. నాచులోని వేరే పదార్థాలు తగిలినప్పుడు మొక్క తన హార్మోన్లను తానే సర్దుకుంటోందట. అంటే నాచు మొక్కకు బలం ఇవ్వదు, తట్టి లేపుతుంది. తిండి లేని మొక్కను ఎంత తట్టినా లేవదు. పెంట, ఎరువు మానేసి ఇది ఒక్కటి చాలు అనే అంగడాయన మాట ఇక్కడే తేలిపోతుంది.

ఇప్పుడు బూజు. బూజు అనగానే మనకు తెగులే గుర్తొస్తుంది. టమాటాకు నారుకుళ్ళు, మొదలుకుళ్ళు, ఎండు తెగులు తెచ్చేవన్నీ ఆ జాతే. అందులోనే మేలుచేసేవి రెండు రకాలున్నాయి. అంగట్లో ఒకటి ట్రైకోడెర్మా, రెండోది వ్యామ్ లేదా మైకోరైజా. రెండింటి పనీ వేరు, చరిత్రా వేరు.

ట్రైకోడెర్మా ఆకుపచ్చ బూజు. కుళ్ళిన కర్ర మీద కనిపిస్తుంది. 1932లో అమెరికాలో రిచర్డ్ వైండ్లింగ్ అనే ఆయన మైక్రోస్కోపు కింద ఒక వింత చూశాడు. నారుకుళ్ళు తెచ్చే బూజు పోగును ట్రైకోడెర్మా పోగు పాములా చుట్టుకుని తినేస్తోంది. తర్వాత యుద్ధమొచ్చింది. పసిఫిక్‌లో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, నూలు గుడ్డలు వేగంగా కుళ్ళిపోతుంటే ఎందుకని ఆరా తీశారు. కుళ్ళిన గుడ్డలో దొరికింది ట్రైకోడెర్మాయే. దాన్ని ఎల్విన్ రీస్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పరిశోధించాడు, ఆ జాతికి తర్వాత ఆయన పేరే పెట్టారు. నూలును అరిగించే ఎంజైములు అందులోంచే తీస్తారు, జీన్స్ ప్యాంటు పాతబడినట్టు కనిపించడానికి వాడేది కూడా అవే. పొలంలో వాడేది ఆ జాతి కాదు, దాని దాయాదులు. ఒకే యుద్ధంలో ఒకచోట నార కరువై నాచు సీసాలోకొచ్చింది, ఇంకోచోట గుడ్డ కుళ్ళి ఈ బూజు ఆకలి ఎంతటిదో తెలిసింది.

టమాటా మీద పెద్ద పని ఇజ్రాయెల్‌లో జరిగింది. ఇలాన్ చెట్, తోటివాళ్ళు 1980లో అచ్చేసిన అధ్యయనంలో చిక్కుడు, పత్తి, టమాటా పొలాల్లో ట్రైకోడెర్మా మొదలుకుళ్ళు లాంటి తెగుళ్ళను బాగా తగ్గించింది. అందులో నాకు నచ్చిన ముక్క ఒకటుంది. బూజు విత్తనాన్ని ఒట్టి నీళ్ళలో కలిపి పోసినదానికంటే గోధుమ తవుడులో పెంచి మట్టిలో కలిపినదే మొదలుకుళ్ళు మీద మెరుగ్గా పనిచేసింది. మన దగ్గర రెండు కేజీల పొడిని వంద కేజీల మాగిన పశువుల ఎరువు, పది కేజీల వేపపిండితో కలిపి, బెల్లం నీళ్ళు చిలకరించి, నీడలో వారం పదిరోజులు గోనెపట్టా కప్పి ఉంచమని చెప్పేది అందుకే. బూజు ప్రాణమున్న జీవి. దానికి తిండి పెట్టి పెంచి పంపాలి. ఊళ్ళో చాలామంది ఆ పది రోజులు ఆగలేక పొడిని నేరుగా చల్లేస్తారు, తర్వాత పనిచేయలేదంటారు. అదే వారంలో తెగులు మందు తడిపితే ఇక చెప్పేదేముంది, తెచ్చిన బూజు కూడా చచ్చిపోతుంది.

వేరు లోపలి చిట్టి చెట్టు

మైకోరైజా కథ తినే పుట్టగొడుగుతో మొదలైంది. నేలలో పెరిగే ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును తోటల్లా పెంచే ఉపాయం చూడమని జర్మనీలో ప్రష్యా ప్రభుత్వం ఆల్బర్ట్ బెర్న్‌హార్డ్ ఫ్రాంక్ అనే వృక్షశాస్త్రవేత్తకు చెప్పింది. ఆయన ట్రఫుల్ పెంచలేకపోయాడు. కానీ అడవి చెట్ల వేర్లు తవ్వి చూస్తే, ఒక్కో వేరు కొసకూ బూజు తొడుగు తొడిగినట్టు ఉంది, చెట్టు మాత్రం నవనవలాడుతోంది. ఇది తెగులు కాదు కాపురం అని 1885లో రాశాడు, మైకోరైజా అంటే బూజువేరు అని పేరు పెట్టాడు. అప్పట్లో చాలామంది ఒప్పుకోలేదు. బూజు అంటే రోగమే అన్నది అందరి నమ్మకం.

టమాటాలో ఉండేది ఇంకో రకం, వేరు కణం లోపలికే దూరి చిన్న చెట్టులా కొమ్మలు వేస్తుంది. 1905లో గాలో అనే ఫ్రెంచాయన దానికి చిట్టి చెట్టు అనే అర్థంలో అర్బస్క్యూల్ అని పేరు పెట్టాడు. ఆ కొమ్మల దగ్గరే మార్పిడి జరుగుతుంది: బూజు వేరు చేరలేని సందుల్లోంచి భాస్వరం తెచ్చిస్తుంది, మొక్క చక్కెర ఇస్తుంది. స్కాట్లండ్‌లో రైనీ అనే ఊళ్ళో నలభై కోట్ల ఏళ్ళనాటి రాయిలో, సరైన వేర్లే లేని మొక్కల కాండంలో కూడా ఈ చిట్టి చెట్లు 1994లో కనిపించాయి. నేల మీదికి మొక్క వచ్చేటప్పుడే ఈ జోడీ ఉందన్నమాట. ఆవ కుటుంబం మాత్రం ఈ కాపురం వదిలేసింది. క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగికి వ్యామ్ కొనడం నీళ్ళలో పోసినట్టే. కొలుమెల్లా క్యాబేజీకి నాచు పనికొస్తుంది గానీ ఈ బూజు పనికిరాదు.

ఇంగ్లండ్‌లో బార్బరా మాస్ అనే శాస్త్రవేత్త 1950ల్లో స్ట్రాబెర్రీ వేర్లలో దీన్ని పట్టుకుని, ఆపిల్ మొలకలకు ఎక్కించి, ఎక్కించినవి మెరుగ్గా పెరుగుతాయని 1957లో చూపించింది. అప్పటికి పెద్ద చిక్కు, ఇది ట్రైకోడెర్మాలా తవుడు మీద పెరగదు. బతికున్న వేరు కావాలి. ఆ వేరు ఎక్కడ దొరికింది? టమాటాలోనే. 1934లో ఫిలిప్ వైట్ అనే అమెరికన్ టమాటా వేరు కొసను కోసి గాజుబుడ్డిలో ద్రవంలో వేసి, చెట్టు లేకుండా ఒట్టి వేరునే పెంచుతూ పోవచ్చని నిరూపించాడు. 1975లో మాస్, క్రిస్టీన్ హెప్పర్ కలిసి అలాంటి టమాటా వేర్లలో, క్లోవర్ వేర్లలో ఈ బూజును పెంచారు. తర్వాత క్యారెట్ వేరు వచ్చింది. ఢిల్లీలోని టెరీ సంస్థ మైకోరైజాను పెద్దయెత్తున తయారుచేసే పద్ధతి కూడా ఈ దారిలోదే.

గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకు పనికొచ్చే ముక్క: జోర్డాన్‌లో ఘాజీ అల్-కరాకీ 2000లో ఉప్పునీటితో పెంచిన టమాటా మీద అధ్యయనం అచ్చేశాడు. మైకోరైజా ఉన్న మొక్కలు లేనివాటికంటే బాగా పెరిగాయి, వాటి ఆకుల్లో సోడియం తక్కువగా ఉంది. వఫ్రా బోరు నీళ్ళు ఉప్పన అని అక్కడ పనిచేసేవాళ్ళకు నేను చెప్పాలా? ఇంకో మాట, డీఏపీ దండిగా వేసిన పొలంలో ఈ బూజు పనిచేయదు. భాస్వరం ఊరికే దొరుకుతుంటే మొక్క చక్కెర ఖర్చుపెట్టి బూజును ఎందుకు మేపుతుంది? తలుపు వేసేస్తుంది. బస్తా డీఏపీ, వ్యామ్ ప్యాకెట్టు రెండూ ఒకేరోజు అమ్మేవాడు రెండో దాని డబ్బులు ఊరికే తీసుకుంటున్నట్టు.

మన దేశంలో నాచు సాగు ఎక్కువగా తమిళనాడు తీరంలో, మండపం, రామేశ్వరం వైపు. కప్పాఫైకస్ అనే ఎర్రజాతి నాచు ఫిలిప్పీన్స్‌ది. భావ్‌నగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ దాన్ని ఇక్కడ అలవాటు చేసింది. పచ్చి నాచును పిండితే వచ్చే రసం పంటకు, మిగిలిన పిప్పి ఐస్‌క్రీముల్లో వాడే జిగురుకు, ఇలా రెండూ ఒకేసారి తీసే పద్ధతికి పేటెంటు తీసుకుంది. వెదురు తెప్పలకు నాచు ముక్కలు కట్టి, నలభై అయిదు రోజులకు కోసేది ఎక్కువగా మత్స్యకార కుటుంబాల ఆడవాళ్ళు. ఇఫ్కో సాగరిక లాంటి సరుకు వెనక ఉన్నది ఈ తీరమే. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. క్రుసడై దీవి దగ్గర ఈ పరాయి నాచు పగడపు దిబ్బల మీదికి పాకిందని 2008లోనే శాస్త్రవేత్తలు హెచ్చరించారు.

చట్టం సంగతి చివరికి వచ్చింది. నాచు సీసా లాంటివాటికి మన దగ్గర చాలాకాలం ఏ లెక్కా లేదు. ఎరువు కాదు, పురుగుమందు కాదు, ఎవరి తనిఖీ కిందికీ రాదు. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో బయో స్టిమ్యులెంట్లను చేర్చింది. 2025లో తాత్కాలిక అనుమతుల గడువు తీరింది. అంతకుముందు ఏళ్ళ తరబడి దాదాపు 30,000 రకాల సరుకు అదుపు లేకుండా అమ్ముడైందని ఆ జులైలో కేంద్ర వ్యవసాయ మంత్రే చెప్పారు. యూరియా బస్తా కావాలంటే ఈ సీసా కూడా కొనాల్సిందేనని అంగళ్ళలో అంటగట్టడం మన రైతులకు బాగా తెలిసినదే.

కాబట్టి ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు సీసా ఫొటో, బిల్లు ఫొటో పంపమనండి. నాచు సీసా మీద ఏ జాతి నాచో, ఎంత శాతమో, తయారీ తేదీ ఉండాలి. ట్రైకోడెర్మా మీద పురుగుమందుల చట్టం కింద రిజిస్ట్రేషన్ నంబరు, గ్రాముకు కనీసం 20 లక్షల జీవకణాలు, గడువు తేదీ. మైకోరైజా మీద గ్రాముకు కనీసం 100 జీవకణాలు. ప్యాకెట్టు ఎండలో కారు డిక్కీలో, రేకుల షెడ్డులో నెలల తరబడి పడుంటే ఈ అంకెలకు అర్థం లేదు, లోపలివి చచ్చిపోయి ఉంటాయి. నారుమడి దశలోనే వాడితే ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. కాయ మీదున్నప్పుడు, తెగులు తగిలాక తెచ్చి పోస్తే దుడ్లు పోవడం ఒక్కటే జరుగుతుంది.